కదలుబొమ్మలు – వంశాగతాంధ్యచిత్రణము

కావ్యము దృశ్యమనియు శ్రవ్యమనియు రెండు విధములని మన యాలంకారికులు చెప్పిరి. అట్లయినచోఁ జూపు క్రమముగా సన్నగిల్లుచున్న శిశువు ననుభవమును దృశ్యమున నెట్లు నిలుపవలెను? చూపులేమిని జూపునకే విషయము చేయవలసి వచ్చును గదా. ఈ చిక్కును విడఁదీయుటకు నేఁటి చిత్రకారు లవలంబించు సాధనములలోఁ గదలుబొమ్మలు, అనఁగా యానిమేషన్, ముఖ్యమైనది. దాని గుణదోషవిచారమే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

ముందుగా వస్తుస్వరూపము నెఱుఁగవలెను. ‘రేచీఁకటి’ యను నొక్కపేరు క్రింద రెండు వేఱు వ్యాధులు చేరుచున్నవి. ‘ఎ’ విటమిను లోపమువలనఁ గలుగునది యొకటి. అది సకాలమున నాహారౌషధములచే నయమగును. తల్లిదండ్రులనుండి సంక్రమించునది రెండవది. దీనిని వైద్యులు రెటినైటిస్ పిగ్మెంటోసా యందురు. ఇందు మొదట రాత్రిచూపు తగ్గును. పిదపఁ బ్రక్కచూపు క్షీణించును. నడిమిచూపు సాధారణముగాఁ జాలకాలము నిలుచును. కావుననే పగటివేళఁ బుస్తకమును జక్కఁగాఁ జదువు బాలుఁడు సందెవేళ గడప తగిలి పడును. పెద్దలు వానిని బరాకువాఁడని మందలింతురు. తన చూపు కొఱఁతవడినదని వాఁడు చెప్పఁజాలఁడు. ఏలయన నందఱును నట్లే చూచెదరని వాని తలంపు.

మహాభారతమున నీ విచారమునకు మూఁడు నిదర్శనములు గలవు. వ్యాసుని రూపమునకు వెఱచి యంబిక కన్నులు మూసికొనుటచే ధృతరాష్ట్రుఁడు పుట్టుగ్రుడ్డి యయ్యెనని కథ. ఇది తల్లిపై మోపిన కారణము. నేఁటి శాస్త్ర మిట్లు చెప్పదు. ఈ వ్యాధి సంక్రమించు తెఱఁగులు పెక్కు. వానిలో నొకదాని ప్రకారము, తల్లిదండ్రు లిరువురును దాము చక్కఁగాఁ జూచుచునే దోషముగల జన్యువు నొక్కొక్కటి మోయుచుందురు. వారి ప్రతి సంతానమునకును నాలుగింట నొకపాలు వ్యాధి వచ్చు నవకాశము గలదు. మేనరికములుగల కుటుంబములం దట్టి కలయిక యెక్కువ. మఱియొక తెఱఁగునఁ దల్లి మోయు జన్యువు కొడుకులకు సగముపాలు రాఁగలదు. కాని తెలియక మోయుట నేరము గాదు.

రెండవది గాంధారి పట్టము. ఆమె త్యాగము గొప్పది. అయినను వెలుఁగు చూచినవారి చీఁకటి వేఱు, పుట్టుకతో వచ్చిన స్థితి వేఱు. మూఁడవది సంజయుని వాక్కు. అతఁడు రాజునకుఁ గన్నుల నీయలేదు; వినువాని మనస్సున రణరంగమును నిర్మించెను.

ఈ మూఁటిని ఒరగల్లుగాఁ గొని చూతము. తెఱపై నల్లనివలయమును బఱచి నడుమ నొక రంధ్రమును విడుచుట పెక్కుచోట్లఁ గానవచ్చు పద్ధతి. ఇది గాంధారి పట్టమే. నలుపు కనఁబడుటయుఁ జూపే గదా. ఈ వ్యాధియందుఁ బోయినభాగము నలుపుగాఁ దోఁపక, యసలు తోఁపకయే యుండుట సాధారణము. త్రోవలోని పీట బాలునికి నల్లగాఁ గనఁబడదు, వానికది లేనేలేదు. కాఁబట్టి తెఱపైఁ బీట యుండరాదు. మోఁకాలికిఁ దగిలిన పిదపనే యది పుట్టవలెను. ఛాయాచిత్రయంత్రము తన యెదుటనున్నదాని నెల్ల గ్రహించును. గీయువానికో, గీచినదే కలదు, గీయనిది లేదు. కదలుబొమ్మల కీ విషయమునఁ గల యాధిక్యము నిదియే.

తైవానుదేశపు విద్యార్థులు 2010లో నిర్మించిన ‘అవుట్ ఆఫ్ సైట్’ అను చిన్నచిత్ర మీ రహస్యము నెఱిఁగినది. అందొక యంధబాలిక తాఁకిన కొలఁది, విన్న కొలఁది, లోకము రూపుదాల్చును. ఇది సంజయమార్గము. కాని యందలి లోకము మిక్కిలి సుందరము. క్రమముగాఁ జూపు గోల్పోవువాని భయమున కందుఁ జోటులేదు. 2007లో వెలువడిన హిందీచిత్రము ‘తారే జమీన్ పర్’ వస్తువు వేఱయినను నిచట స్మరణీయము: అక్షరములు నాట్యమాడుచున్నట్లు చూపి, సోమరి యనఁబడిన బాలుని పక్షమునఁ బ్రేక్షకుని నిలిపినది. డెరెక్ జార్మన్ 1993లో ‘బ్లూ’ అను చిత్రమునఁ దెఱనంతయు నీలముగా నుంచి శబ్దమునకే సర్వభారము నొప్పగించెను. అది ప్రౌఢుని యనుభవము. శిశువున కంత తాత్త్వికత పొసఁగదు.

మన ప్రాంతమున నిట్టి చిత్రమునకు వలయు సామగ్రి పుష్కలము. బాపట్లకడ సూర్యలంక యిసుకపైఁ బగలు స్వేచ్ఛగాఁ బరువెత్తు బాలునికి సందెవేళ సముద్రము చప్పుడుగా మాత్రమే మిగులును. తెనాలి కాలువగట్టున దీపములేనిచో వాఁడు తోడివాని భుజముపైఁ జేయివేయును. రేపల్లెలో నారుబయట నక్క చుక్కలఁ జూపఁగా, దనకుఁ గనఁబడకున్నను ‘ఔ’ననును. ఈ ‘ఔ’ను జిత్రింపఁగలవాఁడే కవి.

తెనాలివారైన చక్రపాణిగారు నాగిరెడ్డిగారితోఁ గూడి 1947లో ‘చందమామ’ను స్థాపించి, కథకు బొమ్మ నలంకారముగాఁ గాక యంగముగాఁ జేసిరి. వా రిరువురును నిర్మించిన ‘మిస్సమ్మ’కు 1955లో దర్శకులు ఎల్.వి. ప్రసాదుగారు. ఆయన పేరనే 1987లో హైదరాబాదున నేత్రవైద్యసంస్థ వెలసినది. చిత్రకళకును నేత్రవైద్యమునకును మనయందు బాంధవ్య మున్నదనుట కింతకంటె నిదర్శన మేల?

ఇట్టి చిత్రములకు విలువకట్టుటలోఁ బ్రేక్షకుని కన్నీరు ప్రమాణము గాదు. జాలి సులభము, గుర్తింపు దుర్లభము. ఎండనుండి తరగతిలోనికి వచ్చి తనచోటు వెదకుకొను బాలుని మొదటఁ జూచువారు బడిపంతులే. ఒకానొక జన్యులోపమువలనఁ గలుగు నాంధ్యమునకు 2017లో నమెరికాలోఁ జికిత్స యనుమతింపఁబడినది. రెటీనాకణములు నశింపకముందే గుర్తించుట యందు ముఖ్యము. అన్ని రకములకు మందు లేకున్నను, వైద్యపరీక్షయుఁ, దగిన వెలుఁగుగల చోటున ముందుబల్లయు నే బాలునికైనను మేలు. చిత్రము చూచిన పంతులు మఱునాఁడు బాలుని దండింపక నేత్రవైద్యునికడకుఁ బంపినను, దల్లి యంబికకు వచ్చిన నింద తనకుఁ జెందదని యెఱిఁగినను, ఆ చిత్రము సఫలమైనది.