కడపంక్తి దాకా గాలి

ఎండాకాలం మధ్యాహ్నం క్యాబ్ ఎక్కగానే వెనక సీట్లోంచి వచ్చే మాట ఒకటే: “అన్నా, కొంచెం ఏసీ పెంచవా.” డ్రైవర్ బ్లోవర్ నాబ్‌ని రెండు నుంచి నాలుగుకి తిప్పుతాడు. హోరు పెరుగుతుంది. ముందు సీట్లో ఉన్నాయనకి కళ్లు మండేలా గాలి కొడుతుంది, అడిగినవాళ్ల మెడ మీద చెమట మాత్రం ఆరదు. ఆ నాబ్ పక్కనే ఇంకో నాబ్ ఉంటుంది. దాని చుట్టూ కూర్చున్న మనిషి బొమ్మలు, ముఖం వైపు ఒక బాణం, పాదాల వైపు ఒక బాణం, చివర్లో ముందద్దం గుర్తు. షోరూమ్‌లో ఎలా ఉందో ఏళ్ల తర్వాతా అలాగే ఉండిపోయే నాబ్ అది. కారులో కూర్చున్న నలుగురి సుఖం ఎక్కువగా దాని మీదే ఆధారపడి ఉందని నా గట్టి నమ్మకం. గాలిని చల్లబరిచే పని యంత్రం చూసుకుంటుంది. ఆ చల్లదనం ఎవరి దగ్గరికి వెళ్లాలో మాత్రం బండి నడిపేవాళ్లే పట్టించుకోవాలి.

ఏసీ సరిగా పనిచెయ్యకపోతే అందరికీ ముందు తోచేది గ్యాస్ అయిపోయిందని. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన గేజ్ తగిలించే ముందు మోడ్ నాబ్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, ఒక్కో వెంట్ దగ్గరా అరచెయ్యి పెట్టి చూస్తాడు. డాష్‌బోర్డ్‌కి చెవి ఆనించి వింటాడు. “గ్యాస్ బానే ఉంది సార్, లోపల ఫ్లాప్ తిరగట్లా” అంటాడు. చాలాసార్లు అదే నిజమవుతుంది.

ఆయన డాష్‌బోర్డ్ ఊడదీసినప్పుడు పక్కన నిలబడి చూడటం నాకు ఇష్టం. వెనక నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి ఉంటుంది. ఒక పక్క బ్లోవర్. అది బయటి గాలినో లోపలి గాలినో లాగి కూలింగ్ కాయిల్ మీదుగా తోస్తుంది. కాయిల్ దాటిన గాలికి ఒక ఫ్లాప్ అడ్డం వస్తుంది. ఇంజిన్ వేడినీళ్లు తిరిగే హీటర్ కోర్ గుండా ఎంత గాలి పోవాలో, ఎంత పక్కనుంచి చల్లగా జారిపోవాలో అది తేలుస్తుంది. ఆ తర్వాత ఇంకొన్ని ఫ్లాపులు. ముఖానికి ఒక దారి, పాదాలకు ఒక దారి, అద్దానికి ఒక దారి. పాత బళ్లలో వీటిని సన్నటి స్టీలు కేబుళ్లు లాగేవి, ఇప్పుడు అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద మోటార్లు తిప్పుతున్నాయి. మోటారులో ప్లాస్టిక్ పళ్లు అరిగితే బండి స్టార్ట్ చేసిన కాసేపు డాష్‌బోర్డ్ వెనక టక్ టక్ మని వినిపిస్తుంది. ఫ్లాప్ అంచులకు అంటించిన స్పాంజి పొడి అయితే వెంట్లలోంచి నల్లటి రవ్వలు రాలుతాయి. ఎలుక గూడు పెట్టిన బ్లోవర్లనూ, వేపాకులతో నిండిపోయిన గాలి దారులనూ ఆయన చూపించాడు. బానెట్‌కీ ముందద్దానికీ మధ్య ఉండే జాలీలోంచే బయటి గాలి లోపలికి వస్తుంది కాబట్టి, చెట్టు కింద బండి పెట్టేవాళ్లు ఆ జాలీని వారానికోసారి చేత్తో తుడవడం మంచిది.

గాలి దారులు ఇంత పకడ్బందీగా కుదరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఫ్యాక్టరీలోనే ఏసీ అమర్చిన కారు అంటే అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడళ్లను చెప్పుకోవాలి. కూలింగ్ కాయిల్ డిక్కీలో ఉండేది, చల్లగాలి వెనక సీటు వెనకనుంచి వచ్చేది. బ్లోవర్ వేగం తప్ప మార్చుకోగలిగింది ఏమీ లేదు. చలికాలం వచ్చి కంప్రెసర్ ఆపాలంటే బండి ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదియ్యాల్సిందే.

మన అంబాసిడర్, పద్మిని కార్లలో ముందు తలుపులకి త్రికోణపు చిన్న అద్దం ఉండేది. దాన్ని బయటికి పూర్తిగా తిప్పితే ఎదురుగాలి చాటలో పోసినట్టు ఛాతీ మీదికి వచ్చేది, కొద్దిగా మాత్రమే తెరిస్తే లోపలి సిగరెట్ పొగ బయటికి లాక్కుపోయేది. కరెంటు అక్కర్లేని పంపకం అది. ఆ అద్దాన్ని రెండు వేళ్లతో ఎంత కోణంలో పెట్టాలో ఆనాటి డ్రైవర్లకు వేగాన్ని బట్టి తెలిసేది. కొత్త కార్లలో దాన్ని తీసేసినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అసలైన మలుపు ఇంగ్లండులో వచ్చింది. 1964 చివర్లో ఫోర్డ్ కంపెనీ కొర్టినా కారుని మార్చి విడుదల చేస్తూ డాష్‌బోర్డ్ రెండు చివరలా కనుగుడ్డులా ఎటైనా తిరిగే గుండ్రటి వెంట్లు పెట్టింది. ఏరోఫ్లో అని పేరు. అందరూ ఆ వెంట్లను చూశారు గానీ, తెలివంతా వెనక ఉంది. వెనక కిటికీల పక్క స్తంభాల్లో గాలి బయటికి పోవడానికి జాలీలు పెట్టారు. పోవడానికి దారి లేనిదే గాలి రాదు. ఇప్పటి కార్లలోనూ వెనక బంపర్ మాటున రబ్బరు రెక్కలున్న జాలీ ఉంటుంది. అద్దాలన్నీ ఎక్కించి తలుపు వేసినప్పుడు చెవులు దిమ్మెక్కకుండా కాపాడేది కూడా అదే.

ఇక వెంట్లను ఎటు తిప్పాలన్న దగ్గరికి వద్దాం. పది డిగ్రీల చల్లగాలి నలభై డిగ్రీల వేడిగాలి కంటే దాదాపు 10 శాతం బరువు. అందుకే అది కిందికి దిగుతుంది. వెంట్లను ముఖం మీదికి గురిపెడితే కళ్లు పొడిబారతాయి, ఆ చల్లదనం ఒడిలో పడి అక్కడే ఆగిపోతుంది. కాస్త పైకెత్తి, రెండు తలల మధ్యనుంచి పైకప్పు వెంట వెనక్కి పంపితే అది వెనక సీటు దాకా సాగి, అక్కడినుంచి మెల్లగా దిగుతుంది. హీటర్ వేసినప్పుడు దీన్ని తిరగేసి చెయ్యాలి. డిసెంబరులో పాడేరు ఘాట్ ఎక్కి లంబసింగి వెళ్లేవాళ్లు వెచ్చటి గాలిని ముఖానికి పెట్టుకుంటే నిద్ర ముంచుకొస్తుంది, పాదాలు మంచుగడ్డల్లాగే ఉంటాయి. వేడిని పాదాలకు వదిలితే దానంతటదే పైకి వస్తుంది. కూర్చున్న మనిషికి తల దగ్గరి గాలి చీలమండల దగ్గరి గాలి కంటే 3 డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదని భవనాల ఏసీ ఇంజనీర్లు ప్రమాణం పెట్టుకున్నారు. తల చల్లగా, కాళ్లు వెచ్చగా ఉండాలని మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాటకి ఇది దగ్గరగా ఉంది.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫర్వాలేదంటారు. కారులో కడపంక్తి వెనక సీటు. అక్కడ కూర్చునేది సాధారణంగా పిల్లలు, ముసలివాళ్లు, క్యాబ్‌లో అయితే డబ్బు కట్టినవాళ్లు. వెనక వెంట్లున్న బళ్లలో కూడా చాలావాటికి చల్లగాలి ముందున్న పెట్టెలోంచే, సీట్ల మధ్య కన్సోల్ కింద సన్నటి గొట్టం గుండా వస్తుంది. ముందు నాబ్ అద్దానికో పాదాలకో పెట్టి ఉంటే వెనకకి అందేది అంతంతమాత్రం. అందుకే మా అమ్మ వెనక కూర్చుంటే నేను నా ముందున్న వెంట్‌ని సగం మూసేస్తాను, మధ్య వెంట్లు రెండూ పైకెత్తుతాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. గాలి కిందినుంచి తగిలితే “కాళ్లు లాగేస్తున్నాయిరా” అంటుంది, పైనుంచి దిగితే కళ్లు మూసుకుని నిద్రపోతుంది. అద్దంలో ఆవిడ కొంగు మెడకు చుట్టుకుందంటే ఏదో వెంట్ తిన్నగా మీదికి కొడుతోందని అర్థం. మనిషి నోరు తెరిచి అడగకముందే ఇలాంటివి గమనించడం బండి నడపడంలో భాగమని నేను అనుకుంటాను. గేర్లు మార్చడం నేర్పినంత శ్రద్ధగా దీన్ని ఏ డ్రైవింగ్ స్కూల్లోనూ నేర్పడం నేను చూడలేదు.

సుఖం సంగతి అలా ఉంచితే, ఇదే నాబ్ ప్రాణం మీదికి తెచ్చే చోటు ఒకటుంది. అది ముందద్దం.

హైదరాబాద్ నుంచి రాత్రిపూట విజయవాడ వెళ్తుంటే రోడ్డు మీదే గాలి మారిపోతుంది. సూర్యాపేట దాకా పొడిగాలి. నందిగామ దాటాక కృష్ణ తేమ మొదలవుతుంది. ఇబ్రహీంపట్నం చేరేసరికి ఎదుటి లైట్ల చుట్టూ వలయాలు కనిపిస్తాయి, అద్దం పాలు పోసినట్టు అయిపోతుంది. కంగారులో అందరూ చేసేది నాబ్‌ని అద్దం గుర్తు మీదికి తిప్పి ఏసీ ఇంకా పెంచడం. అద్దం ఇంకా తెల్లబడుతుంది. కారణం తేలిక. ఆ పొర బయట ఉంది. లోపలి ఏసీకి చల్లబడ్డ అద్దం మీద బయటి తేమ నీళ్లయింది, వేసవిలో చన్నీళ్ల చెంబుకి పట్టే చెమ్మే అది. దానికి మందు వైపర్. ఆ తర్వాత గాలిని అద్దం మీదినుంచి తప్పించి ముఖం వైపు తిప్పాలి, చల్లదనం రెండు మూడు డిగ్రీలు తగ్గించాలి.

వాన కురుస్తున్నప్పుడు తడిసిన బట్టలతో నలుగురు ఎక్కి కూర్చుంటే పట్టే మసక వేరు. అది లోపలి వైపు. శ్వాసలోని తేమ, గొడుగు నీళ్లు, తడిసిన మ్యాట్లు, అన్నీ ఆవిరై చల్లటి అద్దాన్ని పట్టుకుంటాయి. దీనికి ఏసీ ఆన్‌లో ఉండాలి, ఎందుకంటే కూలింగ్ కాయిల్ గాలిలోని తేమను పిండి బండి కింద బొట్లు బొట్లుగా వదిలేస్తుంది. ఉష్ణోగ్రత నాబ్ మాత్రం ఎరుపు వైపు జరపాలి. పొడిగా, వెచ్చగా మారిన గాలి అద్దానికి తగలాలి. లోపలి గాలే తిరిగే బటన్ ఆపేసి బయటి గాలి తీసుకోవాలి. ఏసీ, వేడి రెండూ కలిపి వెయ్యడం దుబారా అనుకుని చాలామంది ఇష్టపడరు. ఈ ఒక్క పనికి అది దుబారా కాదు. చాలా కార్లు అద్దం గుర్తు పెట్టగానే కంప్రెసర్‌ని తామే ఆన్ చేసుకునేది ఇందుకే.

పొర ఏ వైపు ఉందో తెలియకపోతే వేలితో లోపలినుంచి ఒక గీత గీస్తే చాలు. గీత పడితే లోపల, పడకపోతే బయట. బండి నడిపే ప్రతివాళ్లకీ ఈ ఒక్క ముక్క తెలియాలని నాకెంతో ఆశ. అరచేత్తో అద్దం తుడుచుకుంటూ ఒంటిచేత్తో నడిపేవాళ్లని వానాకాలంలో చూసినప్పుడల్లా గుండె జారిపోతుంది.

లోపలి గాలి బటన్ గురించి కూడా రెండు మాటలు. మనం వదిలే ఊపిరిలో సుమారు 4 శాతం బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. బయటి గాలిలో ఉండేది 0.04 శాతం. వందరెట్ల తేడా. నలుగురు కూర్చున్న కారులో అద్దాలు ఎక్కించి గంటలకొద్దీ లోపలి గాలే తిప్పితే అది పేరుకుంటూ పోతుంది. తల బరువెక్కుతుంది, ఆవలింతలు వస్తాయి. దాన్ని భోజనం మత్తు అనుకుని టీ తాగేవాళ్లే ఎక్కువ. లారీ పొగ వెనక, చెత్త డంపు పక్కన ఆ బటన్ వెయ్యాల్సిందే, దాటాక తీసెయ్యాలి.

ఎండలో నిలిపిన బండి సంగతీ అంతే. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో కొలిచి చూస్తే మూసిన కారులో వేడి గంటలో సగటున 22 సెల్సియస్ డిగ్రీలు పెరిగింది, అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. కిటికీ కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా రాలేదు. అలాంటి బండి ఎక్కి వెంటనే లోపలి గాలి బటన్ నొక్కితే ఆ కుంపటి గాలినే మళ్లీ మళ్లీ చల్లబరచాలి. నాలుగు అద్దాలూ దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి, ఆ వేడిని బయటికి తోలేసి, అప్పుడు ఆ బటన్ వెయ్యడం మేలు.

ఈమధ్య ఇదంతా తెర మీదికి ఎక్కుతోంది. టెస్లా మోడల్ 3లో వెంట్లకు పుల్లలే లేవు. డాష్‌బోర్డ్ పొడవునా ఒక సన్నటి చీలిక. ఒక గాలిపాయని ఇంకో గాలిపాయతో వంచి దిశ మారుస్తారు, ఎటు వంచాలో తెర మీద వేలితో చెప్పాలి. ఆలోచన గొప్పదే, దాన్ని కనిపెట్టినవాళ్లంటే నాకు గౌరవం. కానీ చూడకుండా చేత్తో తడిమి తిప్పగలిగే నాబ్‌కి అది సాటి రాదు. యూరప్‌లో కార్ల భద్రతకు మార్కులు వేసే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, అత్యవసర ఫోన్ బటన్‌లకు నిజమైన మీటలు ఉంటేనే పూర్తి మార్కులు అంటోంది. ఆ జాబితాలో అద్దం మసక తీసే బటన్ లేదు. అది చేరాలి. కళ్లకు దారి కనిపించని క్షణంలో మెనూలు వెతకమనడం ఏ మనిషికీ న్యాయం కాదు.

మన దేశంలో 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే 3.5 టన్నులు దాటిన లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఇన్నేళ్లూ ఇంజిన్ సెగ పక్కనే కూర్చుని, తడి తువ్వాలు మెడకు చుట్టుకుని దేశం చుట్టివచ్చిన డ్రైవర్లకు ఇది ఎప్పుడో అందాల్సింది. వాళ్లలో చాలామంది చేతికి ఈ నాబ్ రావడం ఇదే మొదటిసారి. కొత్త లారీ తాళాలు ఇచ్చే రోజున ఎవరైనా క్యాబిన్‌లో పక్కన కూర్చుని, ఇటు తిప్పితే అద్దానికి, ఇటు తిప్పితే కాళ్లకు, వానలో ఇలా, ఉక్కలో ఇలా అని పది నిమిషాలు చూపించాలి. క్లీనర్‌ని కూడా పక్కనే కూర్చోబెట్టుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి అద్దం మసకబారినప్పుడు డ్రైవర్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి కదా, నాబ్ తిప్పాల్సింది ఆ కుర్రాడే.