స్త్రీల ద్విలైంగికత : లోకదృష్టి, శాస్త్రదృష్టి

స్త్రీలను, పురుషులను గూడ కామింపగల స్త్రీ స్వభావమునకు తెలుగున “ద్విలైంగికత” యను పేరు వాడుకలో నున్నది. ఈ పేరే మొదటి చిక్కు. పాఠశాలలో వృక్షశాస్త్రము చదివినవారికి ద్విలింగ పుష్పమనగా కేసరములును, అండకోశమును ఒక్కచో గల పువ్వు. కావున ఈ మాట విన్నంతనే అనురాగమునకు మారుగా దేహనిర్మాణము స్ఫురించును. “ఉభయానురక్తి” యన్నచో అర్థము తేటపడును.

ప్రాచీనులు స్త్రీల పరస్పర కామమును ఎరుగకపోలేదు. అంతఃపుర స్త్రీలు చెలికత్తెలకు పురుషవేషము వేసి తృప్తి నొందుదురని వాత్స్యాయనుడు కామసూత్రముల పారదారికాధికరణమున చెప్పినాడు. ఆయన చూపిన కారణమేమి? భర్త యొక్కడు, భార్యలు పెక్కుమంది. ఇస్మత్ చుగ్తాయి 1942లో ప్రకటించిన ఉర్దూ కథ “లిహాఫ్”లో బేగం జాన్ దాసికి చేరువగుటకును నవాబు నిరాదరణయే హేతువు. ఆ కథపై లాహోరున నడచిన అశ్లీలాభియోగము వీగిపోయినది. రెండుచోట్లను స్త్రీ స్త్రీని కోరుట పురుషుడు లేని కొరతకు పూరణముగా కనబడును. కొరత లేకున్నను ఆ కోరిక యుండవచ్చునన్న తలంపునకు అచట తావు లేదు.

స్త్రీ తన కోరికను తానే పలికినచో లోకము ఓర్వదు. ముద్దుపళని “రాధికాసాంత్వనము”ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి ప్రకటింపగా ప్రభుత్వము నిషేధించినది. 1947లో ప్రకాశం పంతులుగారు ఆ నిషేధమును తొలగించిరి. అది పురుషానురాగ కావ్యమే! అట్టిచో ఉభయానురక్త యైన స్త్రీ తన మాట వ్రాసియుంచునా?

శాస్త్రజ్ఞులు ఆ మాటను అడిగి తెలిసికొనిరి. కిన్సే బృందము 5,940 మంది అమెరికా స్త్రీల వాఙ్మూలములపై 1953లో గ్రంథము ప్రకటించి, అనురక్తిని 0 మొదలు 6 వరకు గల కొలబద్దపై నిలిపినది. కొలబద్ద ఒకనాటి స్థితిని చూపును, కాలగతిని చూపదు. ఆ లోటును లీసా డైమండ్ పూరించినది. ఆమె 79 మంది స్త్రీలను పదేండ్లు పరిశీలించి, ఉభయానురక్తి ఒక నిశ్చయమునకు ముందు వచ్చు తడబాటు కాదనియు, పలువురి యందు నిలిచియుండు స్వభావమే యనియు 2008లో వెల్లడించినది. 79 అల్పసంఖ్యయే, కాని అడిగినవారినే మరల మరల అడిగిన పద్ధతి విలువైనది.

2018లో సర్వోన్నత న్యాయస్థానము పెద్దల సమ్మత స్వలింగ సంబంధము నేరము కాదని తీర్పు చెప్పినది. అయినను పెండ్లియైన స్త్రీ పూర్వస్నేహమును “చిన్నతనపు చేష్ట” యని కొట్టివేయుట మానలేదు. ఆష్టి ప్రాంతపు తెలుగువారికి ఇందలి అన్యాయము సులభగ్రాహ్యము. ఇంట తెలుగును, బజారున మరాఠీని పలుకు గృహిణికి జనగణన పత్రమున మాతృభాష యొక్కటే వ్రాయబడును. అంతమాత్రమున ఆమె నోట రెండవ భాష అబద్ధమగునా?