పోలికలోని ఊరట
బెంగుళూరు వాయుకాలుష్య పరిశోధనలు – ఒక విమర్శ

బెంగుళూరు గాలి మంచిదను ప్రతీతి చిరకాలముగా కలదు. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నుండుట, లాల్‌బాగు, కబ్బన్ పార్కు వంటి విశాలవనములు, ఎండయు చలియు మితముగా నుండుట దీనికి కారణములు. ఉద్యోగవిరమణానంతరము ఆరోగ్యము కోరి ఈ నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములును కలవు. ఆ ప్రతీతి యిప్పుడు సన్నగిల్లి, ఒక పోలికగా మాత్రము మిగిలినది: “ఢిల్లీ కంటె నయమే గదా!” ఈ మాట ఎంతవరకు నిజము, ఎవరి విషయమున నిజము అను ప్రశ్నలకు గడచిన పాతికేండ్ల పరిశోధనలలో సమాధానము దొరకును. అయితే వానిలోని అంకెలను వల్లించుట చాలదు. ఏ అంకె దేనిని కొలిచినదో, దేనిని కొలువలేదో విచారింపవలసియున్నది.

గాలిలోని మలినము ప్రాణముల తీయునను సంగతి లోకమునకు బోధపడినది 1952 డిసెంబరున లండను నగరమును కమ్మిన పొగమంచుతో. అప్పుడు మృతిచెందినవారు నాలుగు వేలకు పైబడినట్లు మొదట లెక్కతేలినది. అది కంటికి కనబడిన విపత్తు. కంటికి కనబడని దాని సంగతి 1993లో అమెరికాలోని ఆరు నగరములను గూర్చిన పరిశోధన వెల్లడించినది. 8,111 మంది పెద్దలను పదునాలుగు పదునారేండ్లు పరిశీలించగా, మిక్కిలి మలినమైన నగరమున మరణముల రేటు మిక్కిలి శుభ్రమైన నగరమున కంటె 26 శాతము హెచ్చుగా నుండెను. సూక్ష్మధూళి, అనగా వ్యాసము రెండున్నర మైక్రానులకు మించని కణముల సముదాయము, ఇందు ముఖ్యదోషిగా నిర్ణయింపబడినది. ఇది ఊపిరితిత్తుల కడపటి గదుల వరకు చొచ్చుకొనిపోవును.

బెంగుళూరునకు సంబంధించినంతవరకు మొదట పేర్కొనదగినది శిశువైద్య నిపుణులు డాక్టరు హెచ్. పరమేశ్ గారు 2002లో ప్రకటించిన ఉబ్బస పరిశోధన. ఆసుపత్రికి వచ్చిన పదునెనిమిదేండ్ల లోపు పిల్లలు 20,000 మందిని గూర్చిన ఆ లెక్కలో ఉబ్బసరోగుల పాలు 1979లో 9 శాతము, 1984లో 10.5, 1989లో 18.5, 1994లో 24.5, 1999లో 29.5 శాతము. ఇరువది యేండ్లపాటు ఐదేసి యేండ్ల కొకసారి తిరిగి లెక్కించిన ఓపిక మెచ్చదగినది. కాని “బెంగుళూరు పిల్లలలో మూడవ వంతు ఉబ్బసరోగులు” అని ఈ అంకెను వాడుట తగదు. ఇది ఆసుపత్రి గడప తొక్కిన పిల్లల లెక్కయే కాని నగరమందలి పిల్లలందరి లెక్క కాదు. ఉబ్బసమునకు మంచి వైద్యము దొరకునను పేరు వ్యాపించినకొలది అట్టి రోగులే హెచ్చుగా వచ్చుటయు, వైద్యులు ఆ రోగమును గుర్తించు నేర్పు పెరుగుటయు సంభవమే. కావున పెరుగుదల కలదని ఒప్పుకొనవచ్చును. దాని పరిమాణము నీ అంకెతో నిర్ణయింపరాదు.

ఆ పరిశోధనమందే అంతకంటె విలువైన భాగము వేరొకటి కలదు. పండ్రెండు పాఠశాలలలో ఆరు మొదలు పదునైదేండ్ల వయస్సు గల 6,550 మంది పిల్లలను పరీక్షించి మూడు తెగలుగా విభజించిరి. వాహనముల రద్దీ తక్కువగా నున్న చోటి పాఠశాలలలో ఉబ్బసము 11.15 శాతము, రద్దీ హెచ్చుగా నున్న చోట 19.34 శాతము; రద్దీయు పేదరికమును రెండును కూడిన చోట 31.14 శాతము. గ్రామములలో నిదే వయస్సు పిల్లలలో 5.7 శాతము. ఇచ్చట రోగిని వెదకి పరిశోధకుడే పోయెను గాన, ఆసుపత్రి లెక్కకు గల ఆక్షేపణ దీనికి లేదు. రద్దీ సమానముగా నున్నను పేదపిల్లలలో రోగము ఒకటిన్నర రెట్లకు మించియున్నది. ఒకే నగరమున, ఒకే బాటప్రక్కన, గాలి అందరికి ఒకటి కాదని దీని సారాంశము.

ఈ భేదమునకు మూలమేమి? 2010లో ముగిసిన ఆరు నగరముల కాలుష్యమూలముల పరిశీలనలో బెంగుళూరు ధూళికి వాహనములు 42 శాతము, బాటలపై లేచు దుమ్ము 20, కట్టడపు పనులు 14, పరిశ్రమలు 14, విద్యుత్తు జనరేటరులు 7, ఇంటి వంట 3 శాతము కారణములని తేలినది. ప్రభుత్వములకు ఇట్టి పట్టిక అవసరమే. అయితే ఇది ధూళిని తూకము వేసిన పట్టిక. పీల్చినవారిని లెక్కించిన పట్టిక కాదు. ఇరుకింటిలో పొయ్యి యూదు తల్లికిని, ఆమె ప్రక్కన కూర్చుండి చదువుకొను బిడ్డకును ఆ 3 శాతము ముక్కు ముందరనే పుట్టుచున్నది. రాయలసీమ నుండి, పాలమూరు నుండి వచ్చి కట్టడముల చెంతనే గుడిసెలు వేసికొను కూలీలకు ఆ 14 శాతము రేయింబవళ్లు తప్పదు. నగరమంతటికి ఒక సగటు తీసినపుడు వీరి పాలు ఆ సగటులో మునిగిపోవును.

“ఢిల్లీ కంటె నయము” అను మాటను నేరుగా పరీక్షించినది 2024 జూలైలో ప్రకటితమైన పది నగరముల పరిశోధన. 2008 నుండి 2019 వరకు జరిగిన సుమారు 36 లక్షల మరణములు దీనికి ఆధారము. ఘనమీటరు గాలిలో సూక్ష్మధూళి 10 మైక్రోగ్రాములు పెరిగినపుడు దినమరణములు పది నగరములకు కలిపి 1.42 శాతము పెరిగినవి. నగరములవారిగా చూచిన ఢిల్లీలో పెరుగుదల 0.31 శాతము, బెంగుళూరులో 3.06 శాతము, పదింటిలో నిదే హెచ్చు. దీనిని చూచి బెంగుళూరు గాలి ఢిల్లీ గాలి కంటె చెడ్డదనుట అవివేకము. ధూళికి ఆరోపింపబడిన మరణములు ఢిల్లీలో మొత్తమున 11.5 శాతము కాగా బెంగుళూరులో 4.8 శాతము మాత్రమే. తేలిన సంగతి వేరు: ధూళి తక్కువగా నున్న చోట కొంచెము పెరిగినను కీడు వేగముగా పెరుగును, కొంచెము తగ్గించినను మేలు అంత వేగముగా కలుగును. అనగా “నయము” అను మాట చేతులు ముడుచుకొనుటకు కాక, పనికి పూనుకొనుటకు కారణము కావలెను. ఈ పరిశోధనకును పరిమితి కలదు. ఇది కొలది దినముల ధూళికిని ఆ దినముల మరణములకును గల సంబంధమును చూపినది. ఏండ్ల తరబడి పీల్చిన ధూళి ఫలము ఇందు చేరలేదు.

ఇంక భాష సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూక్ష్మధూళికి విధించిన హద్దు సంవత్సరపు సగటున 5 మైక్రోగ్రాములు, ఒక దినమునకు 15. మన దేశపు 2009 నాటి ప్రమాణము సంవత్సరమునకు 40, దినమునకు 60. 2015 నుండి అమలైన జాతీయ వాయునాణ్యతా సూచిలో ఒక దినమున 31 మొదలు 60 వరకు ధూళి యున్న గాలికి “సంతృప్తికరము” అని పేరు. ఆ పేరు ప్రక్కనే, సుకుమారులకు ఊపిరి తీయుట స్వల్పముగా కష్టము కావచ్చునను వివరణయు కలదు. ప్రపంచ సంస్థ హద్దునకు నాలుగు రెట్ల వరకు పోయిన గాలియు ఈ పేరు క్రిందనే చేరును. సంతృప్తి యనగా ఇంకేమియు అక్కరలేని స్థితి. ఉబ్బసపు బిడ్డ గల తల్లి ఈ మాట చదివి కిటికీ తెరచినచో తప్పు ఆమెది కాదు, మాటది. శాస్త్రము ఒకటి చెప్పుచుండగా పరిభాష మరియొకటి చెప్పుట సామాన్యమైన లోపము కాదు.

పరిశోధనలు లేకపోలేదు, అవి నిలిపిన ప్రశ్నలకు తగిన కొలతలు జరుగవలసియున్నవి. పాఠశాల ద్వారముల వద్ద, పిల్లల ముక్కు ఎత్తున ధూళిని కొలువవలెను. పండ్రెండు పాఠశాలలలో జరిగిన పరీక్ష వంటిది ఐదేండ్ల కొకసారి, పేదల పేటలను విడువక జరుగవలెను. ఫలితములు ఆంగ్లపత్రికలలోనే నిలిచిపోక కన్నడము, తెలుగు, తమిళము, ఉర్దూ భాషలలో, ఆయా బడులలోని తల్లిదండ్రులకు అర్థమగు మాటలతో ప్రకటింపబడవలెను. అట్లు జరిగిననాడు ఈ నగరపు గాలిని ఢిల్లీతో కాక, ఇచ్చటి పిల్లల ఊపిరితో పోల్చి చూచుట సాధ్యమగును.