ఇంజన్‌ను ఆఖరున అనుమానించండి

ఇంజన్ మౌంటింగుల మీద కూర్చుంది. గేర్‌బాక్స్ బోల్టులు బిగిశాయి, రేడియేటర్ నిండింది, బ్యాటరీ తగిలించారు. సెల్ఫ్ కొడితే తిరుగుతోంది గానీ అంటుకోవడం లేదు. అంటుకున్నా నిలవడం లేదు. నిలిచిందనుకుంటే యాక్సిలరేటర్ వదిలిన చోటల్లా ఆగిపోతోంది. ఇంటి దగ్గర స్పీడు కోసం కారుకు పెద్ద ఇంజన్ ఎక్కించే పని పెట్టుకున్నవాళ్లు నెలల తరబడి చిక్కుకుపోయేది ఈ దశలోనే. అక్కడినుంచి జరిగేది కూడా దాదాపు అన్నిచోట్లా ఒకటే. ముందు ప్లగ్గులు మారతాయి, తర్వాత కాయిల్, ఆ తర్వాత పెట్రోల్ పంపు, సెన్సర్లు, చివరికి ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఇసియు. చేతిలో డబ్బు అయిపోతుంది, లోపం అలాగే ఉంటుంది. అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా కలిసి 'అసలు ఇంజనే చెడ్డది' అని తేల్చేస్తారు. ఆ తీర్పు చాలాసార్లు తప్పని నా వాదన. పాత కారులో బాగా నడిచిన ఇంజన్, కంప్రెషన్ చూసి మరీ కొన్న ఇంజన్, కొత్త కారులో మొరాయిస్తే ముందు చూడాల్సింది అది ఆ కారుతో కలిసే చోట్లను. ఆ చోట్లన్నీ కొలతకు అందుతాయి. కొలవకుండా మార్చిన ప్రతి విడిభాగమూ బండిలోకి ఇంకో సందేహాన్ని తెచ్చిపెడుతుంది.

ఈ మాట హైదరాబాద్ శివారు తెల్లాపూర్‌లో చెప్పుకోవడానికి ప్రత్యేకమైన కారణం ఉంది. ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీల్లో కార్ల మీద ప్రేమ, ఖర్చు పెట్టే స్తోమత రెండూ ఉన్న యువత ఉంది. పక్కనే రామచంద్రపురంలో టర్బైన్లు తయారుచేసే బీహెచ్ఈఎల్ ఉంది, దాన్ని దాటితే పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ వైపే ఎద్దుమైలారంలో బీఎంపీ-2 పోరాట వాహనాలు తయారుచేసే కర్మాగారం, ఇంకా ముందుకు వెళ్తే జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ. ఇలాంటి చోట్ల 'తిరిగింది కదా, చాలు' అని ఏ యంత్రాన్నీ గేటు దాటించరు. టర్బైన్ షాఫ్టును జనరేటర్ షాఫ్టుతో కలిపేటప్పుడు కప్లింగ్ దగ్గర డయల్ గేజి పెట్టి, చుట్టూ తిప్పి, రీడింగు రాసుకుని, కాళ్ల కింద పల్చటి షిమ్ములు వేసి, మళ్లీ కొలుస్తారు. ఒకేసారి రెండు మార్పులు చేయరు, ఎందుకంటే ఏది పనిచేసిందో తర్వాత తెలియదు. ఈ పద్ధతిలో జీవితమంతా పనిచేసిన ఫిట్టర్లు, టెక్నీషియన్లు మన చుట్టుపక్కల కాలనీల్లోనే ఉన్నారు. ఇంజన్ మార్పిడికి కావాల్సిన విద్య ఈ నేల మీద ఉంది. ఇళ్లలోకి రావాల్సింది ఆ విద్యే.

ఇంజన్ మార్పిడి తెలుగువాళ్లకు కొత్త కాదు. ఒకప్పుడు మన జిల్లాల్లో పెట్రోల్ అంబాసిడర్లకు, జీపులకు మెటాడోర్ డీజిల్ ఇంజన్లు విరివిగా ఎక్కించారు. కారణం సరదా కాదు, పెట్రోల్‌కూ డీజిల్‌కూ మధ్య ఉన్న ధర తేడా. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల మేస్త్రీలు మౌంటింగులు కోసి వెల్డింగ్ చేసి, గేర్‌బాక్స్ కలిపి, బండిని రోడ్డెక్కించేవారు. అది గొప్ప నైపుణ్యమే. కానీ ఆ కాలపు డీజిల్ ఇంజన్ అడిగేది చాలా తక్కువ. ఆయిల్, డీజిల్, నీళ్లు, సెల్ఫ్ తిప్పడానికి కరెంటు ఇస్తే చాలు, అది ఏ బండిలో ఉన్నదీ దానికి తెలియాల్సిన పని లేదు. 2000 తర్వాతి పెట్రోల్ ఇంజన్‌కు అలా కుదరదు. క్రాంకు ఎక్కడుందో, గాలి ఎంత వస్తోందో, బండి ఎంత వేగంతో పోతోందో, తాళంచెవి తనదో కాదో ఇసియుకి క్షణక్షణం తెలియాలి. ఆటోనగర్ తరం చేతి నైపుణ్యం సగం పని చేస్తుంది, మిగతా సగానికి మీటరు కావాలి.

అందరికీ పరిచయమైన మారుతి బళ్లనే చూద్దాం. ఎస్టీమ్‌లో ఉన్నది 1298 సీసీ ఇంజన్, పాత బెలెనోలో ఉన్నది 1590 సీసీ ఇంజన్. రెండూ సుజుకీ జీ సిరీస్ కుటుంబానివే కాబట్టి ఎస్టీమ్‌లో బెలెనో ఇంజన్ పెట్టడం తేలికని అనిపిస్తుంది. బోర్ దాదాపు సమానం, 74 మిల్లీమీటర్లు, 75 మిల్లీమీటర్లు. తేడా అంతా స్ట్రోకులో ఉంది. 75.5 మిల్లీమీటర్లది 90కి చేరింది. పిస్టన్ అంత ఎక్కువ దూరం ప్రయాణించాలి కాబట్టి బ్లాకు ఎత్తు పెరిగింది. బ్లాకు ఎత్తు పెరిగితే హెడ్డు పైకి జరిగింది, దాంతో ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్, సైలెన్సర్ పైపు, హోస్ పైపులు, యాక్సిలరేటర్ కేబుల్ అన్నీ తమ పాత చోట్లు వదిలాయి. లాగి తగిలించిన హోస్ పైపు ఒకచోట సన్నగా గాలి పీలుస్తుంది, ఐడిలింగ్ ఎగుడుదిగుడవుతుంది. రేడియేటర్‌కన్నా ఎత్తులో ఉన్న మలుపులో గాలి బుడగ ఇరుక్కుంటుంది, బండి హీటెక్కుతుంది. ఇంజన్‌లో ఏ దోషమూ లేకుండానే మిస్సింగ్, హీటు రెండూ వచ్చాయి. ఒకే కుటుంబంలో మార్పిడికే ఇంత ఉంటే వేరే కంపెనీ ఇంజన్ సంగతి చెప్పక్కర్లేదు.

కరెంటు దగ్గర జరిగే మోసం ఇంకా లోతైనది, దీన్ని కాస్త నిదానంగా చూడాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పారదు. కాబట్టి ఇంజన్ బ్లాకు నుంచి బాడీకీ బ్యాటరీ నెగెటివ్‌కూ మందమైన ఎర్త్ పట్టీ ఉండి తీరాలి. పాత ఇంజన్ దించేటప్పుడు విప్పిన ఈ పట్టీని మళ్లీ బిగించడం మర్చిపోతారు, లేదా రంగు వేసిన బ్రాకెట్ మీద బిగిస్తారు. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు 150 యాంపియర్ల దాకా లాగుతుంది. ఆ కరెంటుకు తిరుగుదారి కావాలి. పట్టీ లేకపోతే అది యాక్సిలరేటర్ కేబుల్ గుండానో క్లచ్ కేబుల్ గుండానో వెళ్తుంది. రెండుమూడు సార్లు సెల్ఫ్ కొట్టాక కేబుల్ చేత్తో తాకితే కాలుతుంది, లోపలి ప్లాస్టిక్ కరిగి కేబుల్ బిగుసుకుపోతుంది. అప్పుడు కేబుల్ మారుస్తారు, కొత్తదీ అలాగే అవుతుంది. పట్టీ ఉండీ బిగింపు మురికిగా ఉంటే లోపం ఇంకా కనపడదు. అక్కడ 0.01 ఓమ్ అడ్డు ఉందనుకోండి. మామూలు మల్టీమీటరు దాన్ని సున్నా అనే చూపిస్తుంది, 'కంటిన్యూటీ బాగుంది' అని బీప్ కూడా చేస్తుంది. కానీ 150 యాంపియర్లు పారేసరికి అదే చోట 1.5 వోల్టులు పడిపోతాయి. చాలా సెన్సర్లు 5 వోల్టుల లెక్కలో మాట్లాడతాయి. వాటి కాళ్ల కింద నేలే కదిలితే అవి ఇసియుకి చెప్పే లెక్కలన్నీ తప్పుతాయి. అందుకే ఎర్త్‌ను బండి ఆగి ఉన్నప్పుడు కొలిచి లాభం లేదు. మీటరును వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఇంజన్ బ్లాకు మీద ఆనించి, ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్టుల లోపు వస్తే బాగున్నట్టు, 0.5 దాటితే అక్కడే ఆగి ముందు దాన్ని సరిచేయాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఇసియు కొనడం అన్యాయం.

ఇనుము దగ్గర కూడా ఇలాంటిదే ఒక చిన్న వస్తువు ఉంది, డోవెల్ పిన్ను. బ్లాకుకూ గేర్‌బాక్స్ ముందుభాగమైన బెల్ హౌసింగ్‌కూ మధ్య ఇవి రెండు, చిన్న గొట్టాల్లా ఉంటాయి. క్రాంక్‌షాఫ్టూ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టూ ఒకే గీత మీద ఉండేలా చూసేది ఇవే. బోల్టులు పట్టి ఉంచుతాయి, అంతే, వాటి రంధ్రాలు కాస్త వదులుగానే ఉంటాయి కాబట్టి కేంద్రాన్ని నిలపలేవు. స్క్రాప్‌లో కొన్న ఇంజన్‌తో డోవెల్ పిన్నులు రాకపోవచ్చు. వేరే గేర్‌బాక్స్ కలపడానికి లేత్ షాపులో అడాప్టర్ ప్లేటు చేయించినప్పుడు బోల్టు రంధ్రాల కొలతలు ఇచ్చి డోవెల్ రంధ్రాలు వదిలేస్తారు. అప్పుడు క్లచ్ వదులుతుంటే బండి వణుకుతుంది, గేరు గట్టిగా పడుతుంది, కొన్నాళ్లకు ఇన్‌పుట్ బేరింగ్ అరుస్తుంది. నింద గేర్‌బాక్స్ మీదో క్లచ్ ప్లేటు మీదో పడుతుంది. ఫ్లైవీల్ మీద డయల్ గేజి బిగించి బెల్ హౌసింగ్ రంధ్రం అంచున తిప్పి చూస్తే కేంద్రం ఎంత తప్పిందో క్షణాల్లో తెలుస్తుంది. మిల్లీమీటరులో పదో వంతును మించి చాలా తేడా వస్తే బిగించవద్దు. బీహెచ్ఈఎల్‌లో టర్బైన్ కప్లింగ్ దగ్గర పెట్టే గేజి చేసేదీ ఇదే పని.

ఇక సంకేతాల సంగతి. వేగం చెప్పే సెన్సర్ తీగ తగిలించకపోతే కొన్ని బళ్లు బాగానే నడిచి, ఆగబోయేటప్పుడు మాత్రం ఐడిలింగ్ పట్టలేక నిలిచిపోతాయి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ బళ్లలో ఇంజన్ స్టార్టయి ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంటే పెట్రోల్ పంపును తిట్టే ముందు ఇమ్మొబిలైజర్‌ను చూడాలి. తాళంచెవి, మీటరు బోర్డు, ఇసియు ఒకదాన్నొకటి గుర్తుపట్టకపోతే అవి సరిగ్గా అలాగే ప్రవర్తిస్తాయి. క్రాంకు పళ్ల చక్రం ఒక ఇసియుకి 60 పళ్లలో రెండు తీసేసి ఉండాలి, మరొకదానికి 36లో ఒకటి. చక్రం ఒకరిది, ఇసియు ఇంకొకరిది అయితే ఎన్ని ప్లగ్గులు మార్చినా ఫలితం ఉండదు.

కొలిచాకే మార్చాలన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం అనుభవం పేరుతో వస్తుంది. చెవితో విని లోపం చెప్పే ఉస్తాదులు ఉన్నారు కదా, మీటర్లెందుకు అంటారు. ఆ చెవిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. ట్యాపెట్ శబ్దాన్నీ బేరింగ్ శబ్దాన్నీ విడదీసి చెప్పగలగడం ఏళ్ల సాధన. కానీ ఆ చెవి తయారైంది వేల బళ్లు ఒకే రకంగా ఉన్నచోట. ఇంట్లో కలిపిన బండి లాంటిది లోకంలో ఇంకొకటి ఉండదు, దాని అలవాట్లు ఎవరికీ తెలియవు. పైగా 0.3 వోల్టుల తేడాకు శబ్దం లేదు. మంచి ఉస్తాదుకు రీడింగు చూపిస్తే దాన్ని ఎవరికన్నా బాగా అర్థం చేసుకునేదీ ఆయనే.

రెండో అభ్యంతరం ఖర్చు, సమయం. విడిభాగం మార్చి చూడటమే త్వరగా తేలుతుందంటారు. కంపెనీ బండిలో, ఆ మోడల్‌కు ఫలానా సెన్సరే పోతుందని అందరికీ తెలిసినప్పుడు అది నిజమే, ఒప్పుకుంటాను. మార్పిడి చేసిన బండికి అలాంటి చరిత్ర లేదు. మల్టీమీటరు, ఫ్యూయల్ ప్రెషర్ గేజి, మామూలు డయల్ గేజి, ఇసియు లెక్కలు చదివి చూపే ఓబీడీ రీడర్, ఈ నాలుగూ కలిపినా చాలా కార్లలో ఒక ఇసియు ఖరీదు కాదు. ప్రెషర్ గేజి సుమారు 3 బార్ చూపించిందా, పంపు మీద అనుమానం అక్కడితో తీరిపోయింది. ఓబీడీలో ఇసియు చేసే ఇంధన సవరణ ప్లస్ 20 శాతం చూపిస్తూ, ఇంజన్ స్పీడు పెంచేకొద్దీ తగ్గుతోందా, గాలి ఎక్కడో దొంగదారిన వస్తోంది.

మూడోది మాత్రం బరువైన అభ్యంతరం. అసలు ఇంట్లో ఇది చేయవచ్చా? నా జవాబు షరతులతో కూడినది. అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగులో పెట్రోల్ లైను విప్పకూడదు. ఇంజన్ ఆపాక కూడా లైనులో ప్రెషర్ నిలిచే ఉంటుంది, పక్కన వరసగా ఇతరుల ట్యాంకులు ఉంటాయి. ఆ పని ఆరుబయట, ఇంజన్ చల్లారాక, ప్రెషర్ వదిలాకే చేయాలి. చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దాన్నే గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇది అభిరుచిని చంపే నిబంధన అని కొందరు బాధపడతారు. నాకలా అనిపించదు. 1300 సీసీ బండికి వేసిన బ్రేకులు 1600 సీసీ వేగాన్ని ఆపుతాయో లేదో ఎవరో ఒకరు కొలిచి చెప్పాలి. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద పిల్లలతో స్కూటరు మీద వెళ్లేవాళ్లకు ఆ హామీ అడిగే హక్కు ఉంది.

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లకు నా విన్నపం ఇది. ఒక నోటు పుస్తకం పెట్టండి, తేదీ వేసి ప్రతి రీడింగూ రాయండి, ఒకసారికి ఒకటే మార్చండి. ఇంకో సెన్సర్ ఆర్డర్ పెట్టేముందు ఎర్త్ పరీక్ష చేయండి. పటాన్‌చెరులో అడాప్టర్ ప్లేటు చేయించేటప్పుడు డోవెల్ రంధ్రాల కొలత ముందు ఇవ్వండి. మీ కాలనీలో రిటైరైన ఫిట్టర్ ఉంటే పిలిచి డయల్ గేజి పట్టడం నేర్చుకోండి. ఇంజన్ కొన్న బిల్లు, దాని నంబరుతో సహా, దాచుకుని ఏ పని మొదలుపెట్టేముందైనా ఆర్టీఏ కార్యాలయంలో అడగండి. అనుమతి రాని బండిని ట్రైలర్ మీద ఎక్కించి చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్లండి, తెల్లాపూర్ రోడ్ల మీదికి మాత్రం తీసుకురాకండి.