ముందు మర, ఆ తర్వాతే మిషను

పోయిన ఆదివారం హైదరాబాద్‌లో మా మేనకోడలి గృహప్రవేశం. వంటింటి గట్టు మీద తళతళలాడుతూ ఎస్ప్రెస్సో మిషను. స్నేహితులంతా కలిసి ఇచ్చిన కానుకట. "మామయ్యా, మొదటి కప్పు నీకే" అని ఎంతో సంబరంగా తెచ్చి ఇచ్చింది. పైన నురగ బాగానే ఉంది. కింద చేదు తప్ప మరేమీ లేదు. పక్కనున్న పొడి ప్యాకెట్టు తిప్పి చూశాను. కాఫీ 60 శాతం, చికరీ 40. కట్టి ఏడు నెలలు. ఆ పిల్లని ఏమంటాం? నా కోపమంతా అంత డబ్బు తీసుకుని మిషను అమ్మిన కొట్టువాళ్ల మీద. అందులో ఎలాంటి పొడి వెయ్యాలో ఒక్క ముక్క చెప్పలేదు.

ఈ కాలమ్ మొదటినుంచీ చదువుతున్నవారికి నా పట్టు తెలుసు. ఫిల్టరున్న ఇంటికి కాఫీ కోసం ఇంకో పరికరం అక్కర్లేదని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను. ఫిల్టరుకు కరెంటు వద్దు, కాగితాలు వద్దు, చెడిపోయే భాగమే లేదు. పై గిన్నెలో పొడి వేసి, తట్టి చదును చేసి, గొడుగు బిళ్ల ఆనించి, మరిగించి దించిన నీళ్లు నెమ్మదిగా పోస్తే చాలు. కొనేటప్పుడు చూసుకోవలసినవి రెండే. పై గిన్నెను వెలుతురుకేసి ఎత్తి చిల్లులు చూడండి. సన్నగా, అన్నీ ఒక్క తీరుగా ఉండాలి. రెండోది సైజు. ఇద్దరున్న ఇంటికి ఆరుగురికి సరిపడే ఫిల్టరు కొంటే పొడి అడుగున పలచగా పరుచుకుంటుంది, సారం పట్టకుండానే నీళ్లు జారిపోతాయి. డికాషన్ పలచగా దిగుతోందని పొడి మార్చేవాళ్లు ఒకసారి ఫిల్టరు కొలత చూసుకోవాలి.

ఇత్తడిదా, స్టీలుదా అని చాలామంది ఉత్తరాలు రాస్తుంటారు. ఇత్తడి కంటికి ఇంపు, కాదనను. అయితే లోపల కళాయి ఉన్నంతకాలమే దాన్ని వాడాలి. కాఫీలో పులుపుంది, కళాయి పోయిన ఇత్తడిలో గంటల తరబడి నిలవ ఉంచకూడదు. కళాయి వేసేవాళ్లు మా వీధిలోకి రావడం మానేసి చాలాకాలమైంది. స్టీలే నయం.

మేనకోడలికీ ఇదే చెప్పి, మిషను ఎవరికైనా ఇచ్చెయ్యమందామనుకున్నాను. మాటకు బలంగా ఉంటుందని రాజమండ్రిలో మా అమ్మమ్మ కాఫీ కథ మొదలుపెట్టాను. చెబుతున్నకొద్దీ కథ ఇంకో దారి పట్టింది.

అమ్మమ్మ పచ్చిగింజలే కొనేది. కుంపటి మీద ఇనప మూకుడు పెట్టి, మధ్యాహ్నం భోజనాలయ్యాక వేయించడానికి కూర్చునేది. గింజ పసుపు తిరిగి, గోధుమరంగుకొచ్చి, చిటపటమని పగిలేదాకా అట్లకాడ ఆగేది కాదు. రంగు రాగానే చేటలోకి గుమ్మరించి గబగబా చెరిగేది. పొట్టు ఎగిరిపోవాలి, వేడి దిగిపోవాలి. మూకుట్లోనే వదిలేస్తే ఆ వేడికే మాడిపోతాయి. వేయించిన రోజున ఆ గింజతో కాఫీ పెట్టేది కాదు, ఎవరొచ్చి అడిగినా సరే. కొత్తగా వేయించిన గింజలోంచి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తూ ఉంటుంది. అది కొంత తగ్గకుండా నీళ్లు పోస్తే పొడి బుస్సున పొంగుతుంది, నీళ్లు సరిగ్గా లోపలికి దిగవు.

ఇక మర. వసారాలో పాత బల్ల అంచుకు బిగించి ఉండేది. పైన గరాటు, పక్కన కర్రపిడి, ముందువైపు చెవుల నట్టు ఒకటి. నట్టు బిగిస్తే పొడి సన్నం, వదులు చేస్తే బరక. పిడి తిప్పడానికి పిల్లలందరం వంతులేసుకునేవాళ్లం. నట్టు మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. మేం తిప్పుతుంటే కింద రాలుతున్న పొడిని చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేది. "ఆగరా, బరకొస్తోంది" అని నట్టు పావు చుట్టు బిగించేది. మళ్లీ చిటికెడు, మళ్లీ నలపడం. కొత్త గింజ వచ్చినప్పుడల్లా ఇదే తంతు. డికాషన్ మరీ నెమ్మదిగా దిగితే మర్నాడు నట్టు కాస్త వదులయ్యేది, గబగబా దిగిపోతే బిగిసేది.

ఇరుగుపొరుగువాళ్లు ఫిల్టరు అడిగితే ఇచ్చేసేది. సొట్టపడి తిరిగొచ్చినా ఏమీ అనేది కాదు. మర మాత్రం గడప దాటలేదు. కావలసినవాళ్లు గింజలు తెచ్చుకుని మా వసారాలోనే తిప్పుకుని వెళ్లేవారు. ఆ వంటిల్లు మొత్తమ్మీద తాతయ్య కాస్త ఎక్కువ డబ్బు పెట్టి కొన్న సామాను అదొక్కటేనని మా అమ్మ చెబుతుంది.

కాబట్టి అమ్మమ్మ వంటింటిని చూపించి పరికరాలు దండగ అనడం కుదరదు. మంచి పరికరం ఉండాల్సిందే, దాని మీద డబ్బు పెట్టాల్సిందే. ఆ పరికరం మర.

కారణం చెబుతాను. గింజగా ఉన్నన్నాళ్లూ వాసన లోపల దాగి ఉంటుంది. పొడి చేసిన క్షణం నుంచి ప్రతి పలుక్కీ గాలి తగులుతుంది, వాసన పోవడం మొదలవుతుంది. నెలలు నిలవున్న పొడిని ఎంత గొప్ప మిషనులో వేసినా పోయిన వాసన తిరిగి రాదు. మిక్సీ ఉందిగా అంటారు. మిక్సీ బ్లేడు గింజను ఎలాపడితే అలా నరుకుతుంది. కొంత పిండవుతుంది, కొంత నూకలా మిగులుతుంది. పిండి చిల్లులకు అడ్డుపడి చేదంతా దింపుతుంది, నూకలో సారం నూకలోనే ఉండిపోతుంది. మరలో అలా జరగదు. రెండు పళ్లచక్రాల మధ్య సందు మనం పెట్టినంతే ఉంటుంది, ఆ సందులో పట్టేంత సన్నమైతేనే పలుకు కిందికి రాలుతుంది.

పరికరాన్ని బట్టి ఆ సందు మారుతుంది. మన ఫిల్టరుకు పొడి మెత్తగా ఉంటూనే వేళ్ల మధ్య సన్నని పలుకు తగలాలి. 1933లో ఇటలీలో పుట్టిన మోకా పాట్‌కూ దాదాపు అదే సరిపోతుంది. ఫ్రెంచ్ ప్రెస్‌కు బాగా బరక కావాలి. ఎస్ప్రెస్సోకు వీటన్నిటికంటే సన్నం, అక్కడ వెంట్రుకవాసి తేడా కూడా నాలిక్కి తెలుస్తుంది. సుమారు 9 బార్ల ఒత్తిడితో అరనిమిషంలో నీళ్లు పొడిలోంచి దూసుకొస్తాయి మరి. పెట్టె మీద 15 బార్లు అని పెద్ద అక్షరాలు చూసి మోసపోకండి. అది పంపు శక్తి. కప్పులోకి అంత ఒత్తిడి అక్కర్లేదు.

చికరీ గురించి నా పాత పాట ఒక్క ముక్కలో పాడి వదిలేస్తాను. కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన. అంటే 49 శాతం దాకా చికరీ కలపొచ్చు. అది రంగిస్తుంది, చిక్కదనమిస్తుంది, కాఫీ వాసన ఇవ్వదు. గింజలు కొని మరలో పట్టుకునేవారికి ఆ లెక్కతోనే పని లేదు. పైగా మన గింజకేం తక్కువ? అరకు కొండల్లో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు పండించే అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్లు ముందే ప్యారిస్‌లో అరకు పేరుతో కొట్టు తెరిచారు. అంత కష్టపడి పండించిన గింజను మనం వాసన పోయాక తాగడం నాకు నిజంగా బాధ.

మేనకోడల్ని మిషను ఉంచుకోమన్నాను, దాని పక్కన మంచి మర కొనుక్కోమన్నాను. మీకూ అదే చెబుతున్నాను. మిషను లేకపోయినా ఫరవాలేదు. మూడు, నాలుగు వేలు పెడితే ఫిల్టరుకు సరిపోయే చేతిమర దొరుకుతుంది. సందు మార్చుకునే వీలుండాలి, విప్పి బ్రష్షుతో దులుపుకునేలా ఉండాలి. ఇనప, స్టీలు చక్రాలను నీళ్లతో కడగవద్దు.

అంత పెట్టలేనివాళ్లు కిలో ప్యాకెట్లు కొనకండి. పొడి ఆడించే కొట్టుకు వెళ్లి, "ఫిల్టరుకి, చికరీ లేకుండా" అని చెప్పి, ఎదురుగా నిలబడి ఆడించుకుని, వారానికి సరిపడా నూరో నూటయాభయ్యో గ్రాములు మాత్రమే తెచ్చుకోండి.