పేరడిగి గీసే బొమ్మ

సెర్జియో అరగోనెస్ బొమ్మ వేస్తుంటే ఆయన చేతినే చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది. ముందు పెన్సిల్‌తో గీసుకోవడం ఉండదు, ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆగడం ఉండదు. ఎదురుగా నిలబడ్డ మనిషితో కబుర్లాడుతూనే పెన్ను కదుపుతారు. పెద్ద ముక్కు, దాని చుట్టూ ఒక అమాయకపు మొహం, రెండు కత్తులు, ఇంకేముంది, ఆయన కామిక్ వీరుడు గ్రూ వచ్చేశాడు. 1963 నుంచి ‘మ్యాడ్’ పత్రిక అంచుల్లో, వేలెడంత జాగాలో, ఒక్క మాట లేకుండా నవ్వించిన చెయ్యి అది. దశాబ్దాల తరబడి ఒకే ఒక్క సంచికలో తప్ప ప్రతి దాంట్లోనూ ఆయన బొమ్మ ఉందని అభిమానులు లెక్క చెబుతారు. ఇంత వేగంగా గీసే కార్టూనిస్టు భూమ్మీద మరొకరు లేరని కామిక్స్ లోకం ఎప్పుడో ఒప్పేసుకుంది. నేనూ ఆ మాటే అంటాను.

ఆ వేగాన్ని తనివితీరా చూడాలంటే వేలమంది తోసుకునే కామిక్‌కాన్ హాలు పనికిరాదు. చిన్న కామిక్స్ దుకాణమే కావాలి. శనివారం మధ్యాహ్నం, చివరి అల్మరా పక్కన ఒక మడత బల్ల, ఒక కుర్చీ, అవతల చిత్రకారుడు, ఇవతల పాఠకుడు. మధ్యలో రెండడుగుల దూరం. కాలిఫోర్నియాలో, ముఖ్యంగా శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల బే ఏరియాలో, సొంతదారులు నడుపుకునే దుకాణాలు ఈ సంతకాల మధ్యాహ్నాన్ని ఒక కళగా తీర్చిదిద్దాయి. నేను వాటి పక్షం. మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మన పుస్తకావిష్కరణ సభకు అలవాటుపడ్డ తెలుగువాళ్ళకు ఇది మొదట వింతగా తోస్తుంది. వేదిక లేదు, శాలువా లేదు, అధ్యక్షుల వారి తొలిపలుకులు లేవు. మన సభల్లో రచయిత సంతకం అన్నీ అయ్యాక, టిఫిన్ల దగ్గర, నిలబడే చేసేది. ఇక్కడ సంతకమే సభ. వచ్చిన ప్రతి మనిషికీ రచయిత విడిగా రెండు నిమిషాలు ఇస్తారు. ఆ రెండు నిమిషాల్లో ఆయన మొదట అడిగేది ‘నీ పేరేంటి?’ అనే.

దీని వెనక ఎంత పనితనం ఉందో బయటివాళ్ళకు కనపడదు. మంచి దుకాణదారుడు బల్లను గుమ్మం దగ్గర వెయ్యడు, లోపల చివరన వేస్తాడు. వరుస అల్మరాల పక్కనుంచి సాగుతుంది. నిలబడ్డవాళ్ళ చేతులు ఊరికే ఉండవు కదా, ఏదో ఒకటి తీసి తిరగేస్తారు, అందులో ఒకటి కొంటారు. వరుసలో ఉన్నవాళ్ళకు ముందే చిన్న చీటీలు పంచి పేర్లు రాయించి, పుస్తకం పేరుపుటకు అంటిస్తారు. తెలుగు పేర్లున్న మనకు ఆ చీటీ విలువ బాగా తెలుస్తుంది. చిత్రకారుడి పక్కన ఒక మనిషి నిలబడి ఒక్కో పుస్తకాన్ని సరైన పుట దగ్గర తెరిచి జరుపుతూ ఉంటాడు. ప్లాస్టిక్ కవరులో ఉన్న పాత సంచిక అయితే బల్ల దగ్గరకు రాకముందే బయటికి తీయించాలి. లేకపోతే కవరు మూతకున్న జిగురు టేపు అట్టకు అంటుకుని రంగు లేచిపోతుంది.

ఇక సిరా సంగతి. నున్నటి అట్ట మీద మామూలు పెన్ను జారిపోతుంది, వేలు తగిలితే చెరిగిపోతుంది. దానికి పెయింట్ మార్కర్ కావాలి. నల్లటి అట్టకు వెండి రంగుదో, బంగారు రంగుదో. దాన్ని బాగా కుదిపి, ముందు ఒక చిత్తుకాగితం మీద మొనను నొక్కి చూడాలి. నేరుగా అట్ట మీద పెడితే రంగు ముద్దగా దిగి సంతకం మీదే మచ్చ పడుతుంది. లోపలి గరుకు కాగితం మీద బ్రష్ పెన్ అందంగా నడుస్తుంది. ఒత్తితే లావు, తేలిస్తే సన్నం. కానీ అది ఆరేదాకా ఎదుటి పుటను మూయకూడదు. తొందరపడి మూస్తే బొమ్మ రెండు వైపులా పడుతుంది. అందుకే తెలిసిన దుకాణాల్లో బల్ల మీద పల్చటి తెల్లకాగితం ముక్కల కట్ట ఒకటి ఉంటుంది. గీసిన ప్రతి పుటలోనూ ఒకటి పెట్టి ఇస్తారు. ఆ కాగితం ముక్క కనబడితే చాలు, ఆ దుకాణానికి పుస్తకం మీద ప్రేమ ఉందని నేను నమ్ముతాను.

స్టాన్ సకాయి దగ్గర ఒక పుస్తకం మీద పేరు రాయించుకోవడం అదృష్టం. కుందేలు సమురాయ్ ఉసాగి యోజింబో కథను ఆయన 1984 నుంచి రాస్తున్నారు, గీస్తున్నారు, మాటల అక్షరాలు కూడా చేత్తో తానే దిద్దుతున్నారు. అరగోనెస్ గీసే ‘గ్రూ’కి అక్షరాలు రాసేదీ ఈయనే. చెవులు రెండూ పైకెత్తి జుట్టుముడిలా కట్టిన ఆ కుందేలు తల నాలుగైదు గీతల్లో నిలబడుతుంది. దాని పక్కన మీ పేరు రాస్తారు చూడండి, అక్కడ తెలుస్తుంది ఒక జీవితకాలం అక్షరం దిద్దిన చేతి నిదానం. బాపు గారి చేతిరాత చూసి పెరిగినవాళ్ళం మనం. అక్షరం కూడా బొమ్మేనని మనకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

జైమీ హెర్నాండెజ్ సంగతి వేరు. ఆయన గీతలో ఒక్కటి కూడా అదనంగా ఉండదు. 1981లో అన్నలతో కలిసి సొంతంగా అచ్చేసుకున్న ‘లవ్ అండ్ రాకెట్స్’లో మ్యాగీ అనే అమ్మాయిని మొదలుపెట్టి, తన పాఠకులతో పాటే ఆమెనూ నలభై ఏళ్ళుగా పెంచుతూ వచ్చారు. ఆమె లావయింది, వయసు మీద పడింది, ఓడింది, మళ్ళీ లేచింది. ఆ మ్యాగీ మొహాన్ని ఎదుట కూర్చుని గీస్తుంటే కనుబొమ దగ్గర గీత ఒక్కసారి బరువెక్కుతుంది. ఆ ఒక్క ఒత్తిడిలో ఆమె మనసు కనపడుతుంది. ఇది అచ్చు పుటలో చూసి నేర్చుకోలేం. గీసేటప్పుడు చూడాల్సిందే.

పాతవాళ్ళు చిత్రకారుడు జాక్ కర్బీ గురించి చెబుతారు. కాగితం ఒక మూల మొదలుపెట్టి, తనకు మాత్రమే కనబడే బొమ్మ మీద దిద్దుతున్నట్టు రెండో మూలదాకా గీసుకుంటూ పోయేవారట. కర్బీ 1994లో పోయారు. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, దుకాణాల్లో వరుసలో నిలబడి ఆ ముచ్చట చెబుతూనే ఉంటారు. ఆ వరుసలో వినే మాటలు సంతకం కంటే తక్కువేం కాదు.

ఈ దుకాణాల చరిత్ర క్లుప్తంగా చెబుతాను. 1968లో గ్యారీ ఆర్లింగ్టన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో కేవలం కామిక్స్ కోసమే ఒక ఇరుకు కొట్టు తెరిచాడు. ఆ ఏడే రాబర్ట్ క్రంబ్ ‘జాప్’ మొదటి సంచికను హైట్ వీధిలో పసిపిల్లల తోపుడుబండిలో పెట్టి అమ్మారని అందరూ చెప్పుకుంటారు. 1972లో బర్క్‌లీలో కామిక్స్ అండ్ కామిక్స్ అనే దుకాణం వచ్చింది. 1970ల్లోనే న్యూయార్క్ నుంచి ఫిల్ సూలింగ్ అనే ఆయన ప్రచురణకర్తల దగ్గర నేరుగా సరుకు కొనే పద్ధతి తెచ్చాడు. ధర తక్కువ, కానీ అమ్ముడుపోనివి వెనక్కి తీసుకోరు. ఈ ఒక్క షరతు గుర్తుపెట్టుకోండి. మామూలు పుస్తకాల షాపు మిగిలినవి తిప్పి పంపుతుంది. కామిక్స్ దుకాణం రెండు నెలల ముందే కేటలాగు చూసి ఆర్డరు పెట్టి, మిగిలినవి తన నెత్తినే వేసుకోవాలి. చిత్రకారుడు వస్తాడని వంద కాపీలు తెప్పించాక ఆరోజు వాన పడితే ఆ నష్టం దుకాణదారుడిదే. అయినా పిలుస్తారు. డబ్బు లెక్కే చూసుకునేవాడు ఈ పని చెయ్యడు.

కాంకర్డ్ ఊళ్ళో ఫ్లయింగ్ కలర్స్ అనే దుకాణం నడిపిన జో ఫీల్డ్ సంగతి చూడండి. పక్కన బాస్కిన్ రాబిన్స్ వాళ్ళు ఉచితంగా ఐస్‌క్రీమ్ పంచిన రోజు జనం బారులు తీరడం చూసి, కామిక్స్ ఎందుకు పంచకూడదు అనుకున్నాడు. తన వృత్తి పత్రికలో రాశాడు. 2002 మే 4న, స్పైడర్‌మ్యాన్ సినిమా విడుదలైన మర్నాడు, మొదటి ‘ఫ్రీ కామిక్ బుక్ డే’ జరిగింది. ఆ తర్వాత అది దేశదేశాల్లో మే మొదటి శనివారపు పండగైంది. పిల్లవాడికి ఉచితమే గానీ దుకాణానికి కాదు. ఆ సంచికలు కూడా దుకాణదారుడు డబ్బిచ్చే కొంటాడు. ఆరోజు చిత్రకారుల్ని పిలిచి, బల్ల వేసి, వచ్చిన ప్రతి పిల్లకీ బొమ్మ గీయించే దుకాణాలకు చేతులెత్తి దండం పెట్టాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1989లో కామిక్స్ ఎక్స్‌పీరియన్స్ తెరిచిన బ్రయన్ హిబ్స్ మరో మొండి మనిషి. చెప్పిన సరుకు చెప్పిన వేళకు ఇవ్వడంలేదని మార్వెల్ మీద కోర్టుకెక్కాడు. 2015లో ఊళ్ళో కనీస వేతనం పెరుగుతుందంటే పనివాళ్ళను తీసేయలేదు, నెలకొక గ్రాఫిక్ నవల క్లబ్బు పెట్టి సభ్యుల చందాతో ఆ జీతాలు కట్టే దారి వెతికాడు. ఆ నవల రాసినవాళ్ళు, గీసినవాళ్ళు వచ్చి సభ్యులతో మాట్లాడతారు. ఐసోటోప్ అనే దుకాణం యజమాని జేమ్స్ సైమ్ మరీ విచిత్రమైన మనిషి. దుకాణానికొచ్చిన చిత్రకారుల చేత టాయిలెట్ సీట్ల మీద బొమ్మలు వేయించి గోడలకు తగిలించాడు. నవ్వొచ్చినా, ఆ గోడ నిజమైన చిత్రశాల. శాంటాక్రూజ్‌లో జో ఫెరారా గారి అట్లాంటిస్ ఫాంటసీవరల్డ్ 1989 భూకంపంలో పోయింది. ఆయన గుడారం వేసుకుని మళ్ళీ అమ్మడం మొదలుపెట్టారు. ఇక ఇరవైనాలుగు గంటల్లో ఇరవైనాలుగు పేజీల కథ పూర్తిచేసే పందెం స్కాట్ మెక్‌క్లౌడ్ 1990లో మొదలుపెడితే, 2004 నుంచి దానికో రోజు పెట్టుకుని ఎన్నో దుకాణాలు రాత్రంతా దీపాలార్పకుండా కుర్రాళ్ళకు బల్లలు, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాయి.

ఇంత సంపద కళ్ళెదుట ఉంటే దాన్ని చంపుతున్నవాళ్ళను చూసి నాకు ఒళ్ళు మండుతుంది. రోగం 1990ల్లోనే పట్టింది. 1991లో ఎక్స్‌మెన్ మొదటి సంచిక ఒకే కథకు అయిదు అట్టలేసుకుని ఎనభై లక్షలకు పైగా కాపీలు పోయింది. కొన్నవాళ్ళలో చదివినవాళ్ళెందరు? 1992 నవంబరులో సూపర్‌మ్యాన్ చనిపోయే సంచిక నల్ల ప్లాస్టిక్ సంచిలో వస్తే, అది విప్పకుండా దాచుకుంటే లక్షలొస్తాయని జనం నాలుగైదేసి కొన్నారు. ఏమీ రాలేదు. అందరి దగ్గరా ఉన్నదానికి ధర ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ గాలిబుడగ పగిలాక వేల దుకాణాలు మూతపడ్డాయి. జూదగాళ్ళు వెళ్ళిపోయారు, అప్పులు దుకాణాలకు మిగిలాయి.

ఇప్పుడు ఆ జూదమే కొత్త వేషంలో వచ్చింది. 2000లో మొదలైన సీజీసీ అనే సంస్థ కామిక్‌కు పదికి ఇన్ని అని మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పలకల మధ్య బిగించి ముద్రవేస్తుంది. తన సాక్షి ఎదుట పెట్టిన సంతకమైతే పసుపు చీటీ వేస్తుంది. దాన్ని మళ్ళీ తెరిస్తే ఆ మార్కులు పోతాయి. అంటే ఆ పుస్తకాన్ని ఇక జన్మలో ఎవరూ చదవరు! ఆ బేరగాళ్ళు చక్రాల పెట్టెలో ఒకే సంచిక ముప్పై కాపీలు తెచ్చి బల్ల మీద పరుస్తారు. పేరు రాయొద్దంటారు, పేరుంటే ధర పడిపోతుందట. చిత్రకారుడు తలెత్తకుండా ముప్పై సంతకాలు గీకుతాడు. వెనకాల ఉన్న పిల్ల వంతు వచ్చేసరికి వేళ అయిపోతుంది. ఒకసారి ఒక పెద్ద ప్రదర్శనలో నా ముందే ఇది జరిగింది. మూడు గంటలు నిలబడ్డ ఒక పాప చేతిలో నలిగిన పుస్తకంతోనే వెనక్కి తిరిగింది. ఆరోజు నుంచి ఆ హాళ్ళ మీద నాకు మనసు విరిగిపోయింది. ఈ బేరగాళ్ళ వల్లే చాలామంది కళాకారులు సంతకానికి ధర కట్టారు, ప్లాస్టిక్‌లో బిగించేదానికి ఇంకా ఎక్కువ కట్టారు. వాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళ సంతకంతో ఎవడో సంపాదిస్తుంటే చూస్తూ ఊరుకోమంటామా?

నకిలీలు మరో చీడ. ఎవరి బొమ్మనో కిందపెట్టి కాపీకొట్టిన అచ్చు పోస్టర్లు, మీట నొక్కితే కంప్యూటర్ కక్కిన బొమ్మలు, బస్తాల కొద్దీ సంతకం చేసి పంపిన స్టిక్కర్లు పుస్తకాలకు అంటించి ‘చిత్రకారుడి స్వహస్తం’ అని అమ్మడం. ఆ స్టిక్కరు మీ పేరు అడిగిందా? ఇవి చాలవన్నట్టు, 2025 జనవరిలో కామిక్స్ పంపిణీలో దశాబ్దాలు ఏలిన డైమండ్ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఈ దెబ్బలన్నీ తగిలేది ఆ మడత బల్ల వేసే చిన్న దుకాణానికే.

బే ఏరియాలోని ఫ్రీమాంట్, సన్నీవేల్, మిల్పిటాస్‌లలో ఎన్ని వేల తెలుగు కుటుంబాలున్నాయి! వారాంతాల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళాలా అని వెతుక్కుంటాం. ఈసారి ఒక కామిక్స్ దుకాణానికి తీసుకెళ్ళండి. ఏ శనివారం ఎవరొస్తున్నారో కౌంటర్ దగ్గర అడగండి, సంతోషంగా చెబుతారు. సంతకం కోసం వెళ్ళినప్పుడు పుస్తకం ఆ దుకాణంలోనే కొనండి, బయట రెండు డాలర్లు తక్కువకు దొరికినా సరే. ఒక్కటే తీసుకెళ్ళండి, చదివినదే తీసుకెళ్ళండి. ఉచితంగా బొమ్మ గీసే చిత్రకారుడైతే ఆయన బల్ల మీదున్న చిన్న పుస్తకం ఇంకోటి కొనండి. తన పేరు తెలుగులో ఎలా పలకాలో పిల్లనే ఆయనకు చెప్పనివ్వండి, వంకర పోయినా ఆయన్నే రాయనివ్వండి. సిరా ఆరేదాకా పుస్తకం తెరిచే పట్టుకోండి. ప్లాస్టిక్ పలకలో బిగించకుండా ఇంటికి తెచ్చి, ఆ రాత్రే పిల్లతో కలిసి మళ్ళీ మొదటి పేజీ నుంచి చదవండి.