యానాము సంధియందలి ‘ప్రజాభీష్టము’

ఒక రాజ్యము తన వలసప్రాంతమును సంప్రదింపుల మూలమున మఱియొక రాజ్యమున కప్పగించునపుడు అచ్చటి ప్రజలకు స్వపరిపాలనను గూర్చి కొన్ని వాగ్దానములు చేయుట పరిపాటి. చరిత్రకారు లట్టి వాగ్దానములను సాధారణముగ సంఘటనలతో కొలుతురు. మేమీ వ్యాసమున వానిని మాటలతో కొలువదలచితిమి. తెలుగు పాఠకునకు సన్నిహితమైన ఉదాహరణము గోదావరీతీరమునందలి యానాము.

1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య ప్రభృతులు యానామును ఫ్రెంచి పాలననుండి విడిపించిరి. అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది సమావేశమై, 170 మంది భారతదేశమున విలీనమగుటకు అనుకూలముగను, 8 మంది ప్రతికూలముగను ఓటు చేసిరి. నవంబరు 1న పాలన చేతులు మాఱెను. 1956 మే 28న సంధిపత్రముపై సంతకములు జరిగినను, అల్జీరియా యుద్ధకాలమున ఫ్రాన్సు ఆమోదము జాగయి, 1962 ఆగస్టు 16న గాని సార్వభౌమాధికారము న్యాయతః సంక్రమింపలేదు.

ఈ సంధియందలి రెండవ అధికరణము మా పరిశీలనకు ముఖ్యమైనది. దాని తాత్పర్య మిది: 1954 నవంబరు 1కి పూర్వమున్న ప్రత్యేక పాలనాస్థితి ఈ ప్రాంతములకు కొనసాగును, రాజ్యాంగపరమైన మార్పు లెవ్వియైనను ప్రజాభీష్టమును తెలిసికొనిన పిమ్మటనే జరుగవలెను. వాగ్దానము దృఢముగనే యున్నది. కాలపరిమితి లేదు. హాంగ్‌కాంగును గూర్చి 1984లో బ్రిటనుచైనాలు చేసికొనిన ఒడంబడికలో ఏబదియేండ్ల గడువుండుట దీనితో పోల్చి చూడదగినది. అయినను ‘ప్రజాభీష్టము’ అను మాటయొద్ద రెండు ప్రశ్నలు పుట్టుచున్నవి. అభీష్టమును తెలిసికొను విధమెట్టిది? ఆ ప్రజ లెవరు?

మొదటి ప్రశ్నకు సంధిలో సమాధానము లేదు. చంద్రనగరమున 1949 జూన్ 19న ఓటర్లే స్వయముగ తీర్పు చెప్పిరి. కీళూరులో ప్రతినిధులు చెప్పిరి. రెండును ప్రజాభీష్టములే యనిపించుకొన్నవి.

రెండవ ప్రశ్న ఇంకను లోతైనది. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాము అను నాలుగు ప్రాంతములను సంధి పేరుపేరున చెప్పును గాని, వాని ప్రజలను వేఱువేఱుగ నడుగవలెనో, ఒక్క సముదాయముగ నడుగవలెనో చెప్పదు. మొదటి రెండింట తమిళము, మాహేలో మలయాళము, యానాములో తెలుగు ప్రజలభాషలు. నేడు పుదుచ్చేరి శాసనసభలో ఎన్నికైన స్థానములు 30, యానామున కొక్కటి. అందఱి నొక్కటిగ నెన్నినచో యానాము అభీష్టము లెక్కలో కనబడదు.

భాషావిషయమున ఈ లోపము తేటపడును. ఎన్నికైన ప్రతినిధులు వేఱువిధముగ నిర్ణయించునంతవఱకు ఫ్రెంచియే అధికారభాషగ నుండునని 28వ అధికరణము చెప్పెను. 1965 నాటి అధికారభాషల చట్టము తమిళమునకు ప్రధానస్థాన మిచ్చి, యానాములో తెలుగును వాడుకొనుట కవకాశము కల్పించెను. అట్లు మన భాషకు చోటు దొరకెను. కాని సూత్రముగ గాక మినహాయింపుగ దొరకెను.

ఇట్టి వాగ్దానములు వట్టి కాగితములని కొందఱందురు. మేమందుకు సమ్మతింపము. పొరుగు రాష్ట్రములలో ఈ ప్రాంతములను కలుపు ప్రతిపాదనను 1979 జనవరిలో ప్రజ లుధృతముగ ప్రతిఘటింపగా అది ఆగిపోయెను. ప్రజలు పట్టుకొని నిలిచిననాడు మాటకు బలము కలుగును.

ఇచ్చట మఱియొక పత్రమును పోల్చుట యుచితము. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందము వలసప్రాంతమునకు సంబంధించినది కాదు. అయినను విలీనమునకు ముందు చేసిన వాగ్దానమే. పటాన్‌చెరు సమీపమందలి కొల్లూరు వంటి గ్రామములు హైదరాబాదు రాష్ట్రమునుండి ఆంధ్రప్రదేశమునకు వచ్చినది ఆ హామీల నీడలోనే. ఆ ఒప్పందము తెలంగాణమును స్పష్టముగ పేర్కొని, దానికొక ప్రాంతీయసంఘమును ప్రతిపాదించెను. కాని దానిపై సంతకము చేసిన పరరాజ్యము లేదు. 1969లో హామీలు చెల్లలేదని ఆందోళన చెలరేగెను. 1973 నాటి ఆఱుసూత్రముల పథకము ఆ సంఘమును అనావశ్యకముగ నెంచెను. తుదకు 2014 జూన్ 2న తెలంగాణము వేఱు రాష్ట్రమయ్యెను. యానాము సంధికి రెండు రాజ్యముల సాక్ష్యము కలదు, అడుగవలసిన ప్రజల నిర్వచనము లేదు. పెద్దమనుషుల ఒప్పందమునకు నిర్వచనము కలదు, అట్టి సాక్ష్యము లేదు.

కావున స్వపరిపాలనావాగ్దానమును పరీక్షించు విద్యార్థి ‘ఎంత అధికార మిచ్చిరి?’ అని మాత్రమే యడిగిన చాలదు. ‘ఎవరి నడుగక మార్పు చేయరాదు?’ అనియు నడుగవలెను. ఆ సమాధానములో మిక్కిలి చిన్న సముదాయము పేరు కనబడునో లేదో, దానినిబట్టియే ఆ పత్రము విలువ తేలును.